ఆ బరువు ఎక్కడిది? నాకిష్టమైన కొన్ని మెటల్ పాటలు విప్పి చూస్తే

ఫోన్‌లో వాల్యూమ్ బాగా తగ్గించి, పక్కగదిలోకి కూడా వినపడనంత మెల్లగా, బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ వాళ్ల ‘ఇన్‌టు ది వాయిడ్’ పెట్టండి. ఆ పాట అప్పుడూ బరువుగానే ఉంటుంది. చిన్న స్పీకర్లోంచి వస్తున్నా ఏదో పెద్ద వస్తువును నేలమీద ఈడ్చుకెళ్తున్నట్టే ఉంటుంది. ఇంకేదైనా హుషారు పాటను అంతే వాల్యూమ్‌లో పెట్టి చూడండి, పలచబడిపోతుంది. ఈ తేడా ఎందుకొస్తుందో తెలుసుకోవాలని నాకు చాలా ఏళ్లుగా ఆశ. మెటల్, అంటే గరగరలాడే గిటార్లతో మోగే ఈ గట్టి రాక్ సంగీతం, వినేవాళ్లం ‘హెవీ’ (బరువు) అనే మాటను రోజుకు పదిసార్లు వాడతాం. హెవీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం ఇంకో పాట వినిపిస్తాం తప్ప జవాబు చెప్పలేం. ఆ జవాబు కోసమే నాకు బాగా ఇష్టమైన కొన్ని పాటలను ఇక్కడ విప్పి చూస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. సౌండ్ పెంచితే బరువు పెరుగుతుందని చాలామంది నమ్మకం. 2008లో మెటాలికా బ్యాండ్ ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ వచ్చినప్పుడు ఆ నమ్మకం ఎంత తప్పో తేలిపోయింది. ప్రతి క్షణమూ గరిష్ఠ స్థాయిలో వినపడాలని ఆ సీడీలో శబ్దాన్ని బాగా నొక్కేశారు. మెల్లగా ఉండాల్సిన చోటికీ పెద్దగా ఉండాల్సిన చోటికీ మధ్య ఎడం పోయింది. డ్రమ్ము దెబ్బల అంచులు తెగిపోయాయి. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా వచ్చాయి. అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి విని, గేమ్‌లోదే బాగుందన్నారు. ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయమంటూ వేలమంది సంతకాలు పెట్టారు. సీడీలో సౌండ్ ఎక్కువే, కానీ దెబ్బలో పస లేదు.

నాకు అర్థమైనంతలో, ఈ సంగీతానికి బరువు వచ్చేది కలిపిన వాటి వల్ల కన్నా తీసేసిన వాటి వల్లే. ఒక పాటలో స్వరం తీసేశారు, ఒకదాంట్లో వేగం తీసేశారు, ఇంకోదాంట్లో శబ్దాన్నే తీసేశారు.

గాంధారం లేని గిటార్

గిటార్ తీగ నుంచి వచ్చే సిగ్నల్ గుండ్రని అలలా ఉంటుంది. యాంప్లిఫయర్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ సిగ్నల్ పంపిస్తే ఆ అల తల తెగిపోతుంది, పైభాగం చదునవుతుంది. డిస్టార్షన్ అంటే ఇదే. తల తెగిన అలలోంచి, మొదట లేని స్వరాలు కొన్ని కొత్తగా పుట్టుకొస్తాయి. అందుకే ఒక్క తీగ మీటినా గరగరలాడుతూ నిండుగా మోగుతుంది.

మొదట్లో ఈ గరగర కోసం పరికరాన్ని చేజేతులా పాడుచేసుకున్నారు. లింక్ రే తన యాంప్లిఫయర్ స్పీకర్‌కు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. 1958లో వచ్చిన అతని ‘రంబుల్’లో మాటలే లేవు, అయినా అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయలేదు. ద కింక్స్ బ్యాండ్‌లోని డేవ్ డేవీస్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చాడు. 1964లో వచ్చిన ‘యూ రియల్లీ గాట్ మీ’లో మనకు వినపడేది ఆ చీలిన కాగితమే.

డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిపి వాయిస్తే ఇంకో సంగతి జరుగుతుంది. ఆ రెండు పౌనఃపున్యాల కూడిక, తీసివేత కూడా స్వరాలై బయటికొస్తాయి. 110 హెర్ట్జ్ స్వరాన్నీ 165 హెర్ట్జ్ స్వరాన్నీ కలిపి మీటామనుకుందాం. తీసివేస్తే 55. అది మొదటి స్వరానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉండే మంద్ర స్వరం. గిటారిస్టు వేలు ఆ స్వరాన్ని ముట్టుకోనే లేదు, అయినా అది మోగుతుంది. మన భాషలో చెప్పాలంటే 110 షడ్జమం, 165 పంచమం. కొన్ని స్వరాలు కలిపి మీటితే అది కార్డ్. ఈ రెంటి జోడీనే రాక్‌లో పవర్ కార్డ్ అంటారు. మెటల్ రిఫ్‌లలో, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటార్ పలుకుల్లో, చాలా భాగం దీని మీదే నిలబడింది.

మామూలు కార్డ్‌లో వీటి మధ్య గాంధారం కూడా ఉంటుంది. పాట సంతోషంగా ఉందా, దిగులుగా ఉందా అన్నది అదే చెబుతుంది. అంతర గాంధారమైతే వెలుగు, సాధారణ గాంధారమైతే నీడ. కానీ డిస్టార్షన్‌లో దాన్ని కలిపితే పుట్టే కూడికలూ తీసివేతలూ ఒకదానితో ఒకటి పొసగవు. అంతా బురద బురద అయిపోతుంది. అందుకే దాన్ని తీసేశారు. అలా మిగిలిన శబ్దానికి సంతోషమూ లేదు, దిగులూ లేదు. రాయిలా ఉంటుంది. మెటల్‌లో మొదట వినపడే ఆ కాఠిన్యానికి మూలం ఈ లేని స్వరమే.

తెగిన వేళ్లు, వదులు తీగలు

బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కథ అభిమానులందరికీ తెలిసిందే, అయినా ఇక్కడ చెప్పక తప్పదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ ఒకటి. అయోమీకి అప్పుడు పదిహేడేళ్లు, ఆ రోజు ఉద్యోగంలో ఆఖరి రోజు. యంత్రంలో పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది సరిగ్గా ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి. అందుకని బ్యాంజో తీగల్లాంటి సన్నవి వేసుకున్నాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌కు వచ్చేసరికి తీగలనే వదులు చేసి శ్రుతిని మూడు మెట్లు కిందికి దించాడు. గిటార్‌లో అన్నిటికన్నా మంద్రంగా పలికే తీగ మామూలుగా 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఇప్పుడది 69 దగ్గరికి దిగింది.

నేను మొదట చెప్పిన ‘ఇన్‌టు ది వాయిడ్’ ఆ ఆల్బమ్‌లోదే. వదులు తీగ బిగువు తీగలా చురుగ్గా పలకదు. మీటిన తర్వాత ఒక్క క్షణం ఊగి, ఆపై కుదురుకుంటుంది. ఆ పాటలో ఈడుస్తున్నట్టు అనిపించేది ఆ ఊగుడే. వేళ్ల కోసం చేసుకున్న సర్దుబాటు తర్వాతి తరాల శ్రుతి అయింది. ఇప్పుడు డూమ్, స్లడ్జ్ అనే నెమ్మది మెటల్ రకాల్లో ఏ బ్యాండ్ విన్నా తీగలు కిందికే దించి ఉంటాయి.

దీనికి ముందే, 1970 ఫిబ్రవరి 13న, వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. దాదాపు ఒక్క రోజులో రికార్డు చేసేశారు. అందులో మొదటి పాట పేరు, ఆల్బమ్ పేరు, బ్యాండ్ పేరు ఒక్కటే. వాన, ఉరుము, చర్చి గంట, ఆ తర్వాత మూడు స్వరాలు. షడ్జమం, పై షడ్జమం, అక్కడి నుంచి కిందికి దిగి ప్రతి మధ్యమం. అంతే. మెటల్ ఇక్కడే పుట్టిందని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను.

షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న ఆ ఎడానికి పాశ్చాత్య సంగీతంలో ట్రైటోన్ అని పేరు. మధ్యయుగాల్లో చర్చి దాన్ని దెయ్యపు స్వరమని నిషేధించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నిషేధించినట్టు ఆధారాలేవీ లేవు. పాడటం కష్టమనీ, వినడానికి కుదురుగా ఉండదనీ స్వరకర్తలు దాన్ని తప్పించుకునేవాళ్లు, అంతవరకే నిజం. మనవాళ్లకు ఈ స్వరంలో భయమేమీ కనపడదు. కల్యాణి రాగం నిండా ఉండేది ప్రతి మధ్యమమే, ఆ రాగం వింటే మనసు విచ్చుకుంటుంది తప్ప వణకదు.

మరి అదే స్వరం సబ్బాత్ చేతిలో ఎందుకు భయపెడుతుంది? కల్యాణిలో ప్రతి మధ్యమం పంచమం వైపు మొగ్గి ఉంటుంది, కాసేపట్లో ఇల్లు చేరతామని చెవికి ముందే తెలుసు. అయోమీ ఆ స్వరాన్ని అక్కడే నిలబెట్టి వణికిస్తాడు. పంచమంలో కుదురుకోనివ్వడు. మళ్లీ షడ్జమానికి వచ్చి, మళ్లీ అదే మాట. పైగా అంత నెమ్మది. వేగంగా వాయిస్తే చెవి దాన్ని దాటేసి ముందుకెళ్లిపోయేది. ఈ నెమ్మదిలో దాటేసే వీలు లేదు, ప్రతి స్వరం దగ్గరా నిలబడి తీరాలి. స్వరం వల్ల భయం సగమే. మిగతా సగం, వెళ్లాల్సిన చోటికి వెళ్లనివ్వకపోవడం వల్ల.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో ఆ నలుగురూ ఆఖరిసారి కలిసి వాయించారు. గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. జులై 22న చనిపోయాడు. ఆ రోజు రాత్రి నేను విన్నది ఈ మొదటి పాటే. ఆ గంట మోగినప్పుడు ఇక వినలేక కాసేపు ఆపేశాను.

కింది దెబ్బ ఒక్కటే

వేగం తగ్గితే బరువు పెరుగుతుందన్నాను. మరి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ సంగతేమిటి? 1986లో వచ్చిన ఈ మెటాలికా పాట నిమిషానికి 210కి పైగా బీట్లతో పరిగెడుతుంది. ఎనిమిదిన్నర నిమిషాల పాటలో, మధ్యలో వచ్చే మెల్లని భాగం తప్ప, ఊపిరాడదు. అయినా తేలికగా ఉండదు.

ఇక్కడ తీసేసింది పై దెబ్బను. గిటార్ వేగంగా వాయించేవాళ్లు ప్లెక్ట్రమ్‌ను (తీగలు మీటే బిళ్లను) ఒకసారి కిందికి, ఒకసారి పైకి కొడతారు. అది సులువు. కానీ కింది దెబ్బలో చేతి బరువు ఉంటుంది, పై దెబ్బలో అంత ఉండదు. వింటుంటే బలంగా, మెత్తగా, బలంగా, మెత్తగా అని తెలుస్తూనే ఉంటుంది. మెటాలికా గిటారిస్టు, గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఈ పాట రిఫ్‌ను పూర్తిగా కింది దెబ్బలతోనే వాయిస్తాడు. అంటే సెకనుకు ఏడు దెబ్బలు, ప్రతి దెబ్బ తర్వాతా చెయ్యి ఖాళీగా పైకి రావాలి. అరచేతి అంచు తీగల మొదట్లో ఆనించి మోతను నొక్కి పడతాడు, అందువల్ల ప్రతి దెబ్బా పొట్టిగా, మూసుకుపోయి, ఒకే బరువుతో పడుతుంది. గిటార్ పట్టుకున్న ఎవరైనా ఒక నిమిషం ప్రయత్నిస్తే ముంజేయి పట్టేస్తుంది. వినేవాడికి ఆ శ్రమ పేరు తెలియకపోవచ్చు, అయినా అది చెవికి అందుతుంది.

ఇంకో చిన్న కోత ఉంది. చరణం వెనక నడిచే రిఫ్‌లో మూడు బార్లు (ఆవర్తనాలు) నాలుగేసి బీట్లతో సరిగ్గా నడుస్తాయి, నాలుగోది పూర్తి కాకుండానే తెగిపోతుంది. తల ఊపుతున్నవాడు ఆ చోట తప్పకుండా తడబడతాడు. మత్తుమందు ఒక మనిషిని తోలుబొమ్మలా ఆడించడం ఈ పాట కథ, పాడేది ఆ మత్తుమందే. వినేవాడి కాలు కింద మెట్టు లాగేయడం ఆ కథకు ఎంతగా నప్పిందో తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇదే ఏడాది స్లేయర్ వాళ్ల ‘రెయిన్ ఇన్ బ్లడ్’ కూడా వచ్చింది. పది పాటలు, మొత్తం 29 నిమిషాలు. గొప్ప ఆల్బమ్. కానీ నాకది బరువు కన్నా పదును. ఈ రెండూ వేరని నా అభిప్రాయం.

ఆగిన చోట

ఏసీ డీసీ బ్యాండ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ విన్నవాళ్లలో చాలామంది ఆ గిటార్‌లో డిస్టార్షన్ చాలా ఎక్కువనుకుంటారు. నిజానికి చాలా తక్కువ. మెటల్ బ్యాండ్ల పక్కన పెడితే ఏసీ డీసీ గిటార్లు దాదాపు శుభ్రంగా ఉంటాయి, తీగ తీగా విడివిడిగా వినిపిస్తుంది. ఆ పాట మొదటి రిఫ్‌లో ఏముందో లెక్కపెట్టి చూడండి. ఒక కార్డ్, ఖాళీ. ఇంకో కార్డ్, ఖాళీ. మూడోది, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీల్లో గిటార్ తీగ పూర్తిగా మూగబోతుంది, డ్రమ్ములు మాత్రం నడుస్తాయి. తర్వాతి కార్డ్ ఎప్పుడు పడుతుందో మన ఒంటికి తెలుసు, దానికోసం కాచుకుని ఉంటాం. అది పడినప్పుడు బరువంతా మన ఎదురుచూపుదే. మోత మధ్యలో తెగకుండా సాగితే ఈ పాట సగం కూడా నిలబడదు.

ఆ బ్యాండ్ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో చనిపోయాడు. అదే ఏడాది జులైలో ఈ పాట ఉన్న ఆల్బమ్ కొత్త గాయకుడు బ్రయాన్ జాన్సన్‌తో వచ్చింది. అట్ట నల్లగా ఉంటుంది, అది సంతాపం.

తాళంలో కూడా ఇలా ఏదో ఒకటి దూరం చేసి బరువు తెచ్చిన పాటలున్నాయి. లెడ్ జెపెలిన్ ‘కశ్మీర్’, 1975. గిటారిస్టు జిమ్మీ పేజ్ రిఫ్ మూడు బీట్లకు తిరుగుతుంది. జాన్ బోనమ్ డ్రమ్ములు నాలుగు బీట్లకు తిరుగుతాయి. కలిసి బయల్దేరి, వెంటనే విడిపోయి, పన్నెండో బీట్ పూర్తయ్యాక మళ్లీ కలుస్తాయి. తిశ్రమూ చతురశ్రమూ తెలిసిన చెవికి ఈ లెక్క కొత్త కాదు. ఎవరి దారిన వాళ్లు పోతున్న రెండు పెద్ద శరీరాలు అప్పుడప్పుడూ ఒకే చోట అడుగేస్తాయి, నేల అదిరేది అప్పుడే. బోనమ్ ఎక్కడా కంగారుపడడు, డ్రమ్ముల్లో అలంకారాలు చాలా తక్కువ. పేరు చూసి కశ్మీర్‌లో రాశారనుకోవద్దు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కు ఆ మాటలు తట్టింది దక్షిణ మొరాకోలో, ఎడారి గుండా కారులో వెళ్తున్నప్పుడు.

ఈ లెక్కను చివరంటా లాగినవాళ్లు స్వీడన్ బ్యాండ్ మెషుగ్గా. 2008లో వచ్చిన ‘బ్లీడ్’లో డ్రమ్మర్ టోమాస్ హాకే చేతులు మామూలు నాలుగు బీట్ల లెక్క పట్టుకుని ఉంటాయి, కాళ్లూ గిటార్లూ కలిసి ఇంకో లెక్కలో పోతుంటాయి. ఆ కాలి పని కోసం తన పద్ధతినే మార్చుకోవాల్సి వచ్చిందని ఆయన చెప్పాడు. మొదటిసారి వింటే యంత్రం చెడిపోయిందేమో అనిపిస్తుంది. కాళ్లను వదిలేసి డ్రమ్ముల పక్కనుండే సింబల్ (కంచు పళ్లెం) మోతనొక్కదాన్నే పట్టుకుని వినండి. కాసేపటికి తల దానంతటదే ఊగుతుంది.

గొంతు దగ్గర చాలామంది ఆగిపోతారు. ‘సంగీతం బాగానే ఉంది, ఆ అరుపులే భరించలేం’ అంటారు. ఆ గరగర గొంతును గ్రౌల్ అంటారు, అది గొంతు చించుకునే అరుపు కాదు. మామూలు స్వరపేటిక పొరల పైన ఇంకో జత మడతలుంటాయి, మాట్లాడేటప్పుడు అవి సాధారణంగా కదలవు. గ్రౌల్ చేసేవాళ్లు వాటిని అదిలిస్తారు. బాగా నేర్చినవాళ్లు నిజానికి అంత గట్టిగా అరవరు, మైక్ దగ్గర పెట్టుకుని ఊపిరితో నడిపిస్తారు. ఇక్కడ తీసేసింది శ్రుతి. గొంతులో స్వరం పోయి, ఊపిరీ లయా మిగులుతాయి. గొంతు కూడా ఒక డ్రమ్ము అవుతుంది.

అది అలవాటు లేనివాళ్లకు నేను ముందు వినిపించేది ఓపెత్ వాళ్ల ‘ద డ్రేపరీ ఫాల్స్’, 2001. దాదాపు పదకొండు నిమిషాల పాట. మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్ మొదటి సగం మెత్తటి, తేట గొంతుతో పాడతాడు. ఆ గొంతు మీద మనకు మమకారం ఏర్పడిన తర్వాత దాన్ని లాగేసుకుని గ్రౌల్‌లోకి దిగుతాడు. ఒకే మనిషి, ఒకే దుఃఖం. మొదటే గ్రౌల్ చేసి ఉంటే ఇంత తగిలేది కాదు.

తిరిగి వచ్చిన స్వరం

మొదట్లో గాంధారాన్ని తీసేశారని చెప్పాను. అది మెటల్‌లోకి తిరిగొచ్చిన దారి నాకు భలే ఇష్టం. ఐరన్ మెయిడెన్ వాళ్ల ‘హాలోడ్ బి దై నేమ్’, 1982. తెల్లవారితే ఉరితీయబోయే ఖైదీ ఆఖరి గంటలు. స్టీవ్ హ్యారిస్ రాశాడు, అప్పుడే బ్యాండ్‌లో చేరిన బ్రూస్ డికిన్సన్ పాడాడు. గంట మోగుతుంది, గిటార్ మెల్లగా మొదలవుతుంది, తర్వాత డేవ్ మర్రీ, ఏడ్రియన్ స్మిత్ ఇద్దరూ కలిసి ఒక రాగం అందుకుంటారు. ఒకరు ఒక స్వరం మీద ఉంటే రెండోవాళ్లు దానికి గాంధారం దూరంలో నడుస్తారు.

ఒక గిటార్‌లో బురద అయిపోయే కలయిక ఇక్కడ తేటగా ఎలా ఉంది? ఎవరి యాంప్లిఫయర్ వారిది కాబట్టి. రెండు స్వరాలు ఒకే యాంప్లిఫయర్‌లో పడితేనే ఆ కూడికలూ తీసివేతలూ పుడతాయి. విడివిడిగా డిస్టార్షన్ అయ్యి గాల్లో కలిస్తే ఆ గొడవ ఉండదు. క్వీన్ బ్యాండ్ ‘బోహీమియన్ రాప్సొడీ’లో బ్రయాన్ మే గిటార్ గుంపుగా పాడుతున్నట్టు వినిపించడానికి కారణం కూడా ఇదే, ఒక్కో పంక్తినీ విడిగా రికార్డు చేసి పేర్చాడు. మెయిడెన్ పాటలో అప్పటిదాకా రాయిలా ఉన్న శబ్దానికి ఆ రాగంతో కన్నీళ్లొస్తాయి. చావబోయేవాడికి బతుకు మీద ఇంకా ఆశ ఉందని మాటలకన్నా ముందు ఆ రెండు గిటార్లే చెబుతాయి.

ఆఖరుగా ‘వన్’. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇదే. 1988లో మెటాలికా ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్‌లో వచ్చింది. డాల్టన్ ట్రంబో 1939లో రాసిన ‘జానీ గాట్ హిజ్ గన్’ నవల దీనికి ఆధారం. మొదటి ప్రపంచయుద్ధంలో బాంబు దెబ్బకు ఒక సైనికుడు కాళ్లు, చేతులు, చూపు, వినికిడి, మాట అన్నీ పోగొట్టుకుంటాడు. ఆలోచన ఒక్కటే మిగులుతుంది.

అన్నీ పోయిన మనిషి గురించిన ఈ పాటలో బ్యాండ్ దగ్గరా ఒకటి లేదు. అంతకు రెండేళ్ల ముందు, 1986 సెప్టెంబర్ 27న, స్వీడన్‌లో వాళ్ల బస్సు బోల్తాపడి బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని చోట జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. కానీ ఈ ఆల్బమ్ మిక్స్‌లో బేస్‌ను దాదాపు వినపడకుండా తగ్గించేశారు. అది పొరపాటేనని చాలామంది అభిమానులు ఇప్పటికీ బాధపడతారు. మిగతా పాటల విషయంలో నేనూ వాళ్లతోనే ఉన్నాను. ‘వన్’లో మాత్రం ఆ లోటు నాకు పాటలో భాగంగానే వినిపిస్తుంది. కింద నేల లేదు. గిటార్లు పొడిగా, ఎముకల్లా ఉంటాయి.

యుద్ధపు చప్పుళ్లతో మొదలై, వెంటనే శుభ్రమైన గిటార్‌తో మెల్లగా, ఆస్పత్రి గదిలో మెలకువ వచ్చినట్టు నడుస్తుంది. పల్లవి వచ్చిన ప్రతిసారీ డిస్టార్షన్ లేస్తుంది, మళ్లీ అణిగిపోతుంది, లేవబోయి పడిపోయినట్టు. నాలుగు నిమిషాలు దాటాక ఇక అణగదు. లార్స్ అల్‌రిక్ రెండు కాళ్లూ బేస్ డ్రమ్ము మీద గుత్తులు గుత్తులుగా కొట్టడం మొదలుపెడతాడు. మధ్యలో చిన్న ఖాళీ, మళ్లీ ఇంకో గుత్తి. గిటార్లు సరిగ్గా వాటితోపాటే పడతాయి. అందరూ దాన్ని మెషిన్‌గన్ అంటారు. నిజమే, అలాగే ఉంటుంది. నవలలో ఆ సైనికుడు బయటి ప్రపంచంతో మాట్లాడటానికి దొరికిన ఒకే ఒక దారి, తలను దిండుకేసి కొట్టి మోర్స్ కోడ్‌లో సందేశం పంపడం. దెబ్బలూ ఖాళీలూ, అంతే అతని భాష. అది తెలిసిన తర్వాత నాకు ఆ డ్రమ్ముల్లో తుపాకీ ఎప్పుడూ వినపడలేదు.

పాట చివర మోత మెల్లగా తగ్గడమంటూ ఉండదు. ఆఖరి దెబ్బ పడుతుంది, అక్కడికక్కడే ఆగిపోతుంది.